నిందకూ నేరానికీ మధ్య ఉన్న మాటలు

గిల్టీ అనే ఇంగ్లిషు మాట తెలుగు ఇళ్లలోకి ఎప్పుడో వచ్చి చేరింది. దగ్గరి బంధువుల పెళ్లికి వెళ్లలేకపోయినవారు గిల్టీగా ఉందంటారు. తల్లికి వారం రోజులుగా ఫోను చేయని కొడుకు గిల్టీగా ఫీలవుతున్నానంటాడు. ఈ వాడుకలో అది మనసుకు సంబంధించిన మాట, తప్పు చేశానన్న బాధకు పేరు. కోర్టులో అదే మాటకు ఆ బాధతో పని లేదు. మనిషిని చంపి ఏ పశ్చాత్తాపమూ లేకుండా తిరిగేవాడు అక్కడ గిల్టీ కావచ్చు. తన తప్పేమీ లేని ప్రమాదంలో స్నేహితుణ్ని పోగొట్టుకుని ఏళ్ల తరబడి కుమిలిపోయేవాడు గిల్టీ కాడు. ఫలానా నేరం ఈ మనిషి చేశాడని రుజువైనట్టు న్యాయస్థానం తేల్చి చెప్పడమే చట్టంలో గిల్టీ. ఆ మాట అనే అధికారం కోర్టుకు తప్ప మరెవరికీ లేదు. కోర్టు ఇంగ్లిషు నేర్చుకునేవారు మొదట పట్టుకోవలసిన విషయం ఇదే: తప్పుకు సంబంధించిన ప్రతి మాట వెనుకా దాన్ని ఎవరు అనవచ్చు, ఎప్పుడు అనవచ్చు అనే కట్టుబాటు ఉంది.

తెలుగులో గిల్టు నగలు అన్నప్పుడు వినిపించే గిల్టు వేరే మాట, బంగారు పూత అని దానికి అర్థం. ఇంగ్లిషులో రెండింటికీ స్పెల్లింగు వేరు, పలుకు ఒకటే. నేరానికి సంబంధించిన గిల్ట్ ప్రాచీన ఇంగ్లిషు నాటి మాట. అంతకు ముందు అది ఎక్కడ పుట్టిందో నిఘంటుకారులకు తేలలేదు. దాని పక్కన కోర్టుల్లో వినిపించే మాటల్లో ఎక్కువ భాగం ఫ్రెంచి నుంచో లాటిన్ నుంచో వచ్చినవి.

గిల్ట్ పక్కన తరచూ వినిపించే రెండో మాట బ్లేమ్. తెలుగులో దీనికి నింద సరిగ్గా సరిపోతుంది. నిందకూ నేరానికీ ఎంత దూరం ఉంటుందో వినాయక చవితి నాడు అక్షతలు చేతిలో పట్టుకుని శమంతకమణి కథ విన్న ప్రతి తెలుగువారికీ తెలుసు. సత్రాజిత్తు దగ్గరున్న మణిని కృష్ణుడు అడిగాడు, అతడు ఇవ్వలేదు. తర్వాత సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు ఆ మణి ధరించి వేటకు వెళ్లి తిరిగి రాలేదు. మణి కోసం కృష్ణుడే చంపాడని సత్రాజిత్తు చాటాడు. కృష్ణుడు అడవిలోకి వెళ్లి ప్రసేనుడి కళేబరాన్నీ, సింహం అడుగుల్నీ, ఆ తర్వాత ఎలుగుబంటి అడుగుల్నీ చూసుకుంటూ జాంబవంతుడి గుహ దాకా వెళ్లి, మణి తెచ్చి ఇచ్చాడు. ఈ ఒక్క కథలో కోర్టు ఇంగ్లిషు మాటలు ఐదు ఇమిడిపోతాయి. సత్రాజిత్తు మనసులో మొదట కలిగింది సస్పిషన్, అనుమానం. అతడు పైకి చాటింది ఎక్యుజేషన్, ఆరోపణ. లోకం కృష్ణుడికి అంటగట్టింది బ్లేమ్, నీలాపనింద. అడవిలో కనిపించిన అడుగుజాడలు ఎవిడెన్స్, సాక్ష్యం. మణి చేతికందాక కృష్ణుడికి దక్కింది ఎగ్జొనరేషన్. ఈ చివరి మాటలో భారం అని అర్థమిచ్చే లాటిన్ పదం దాగి ఉంది, మీద పడ్డ బరువును దించడం దాని అసలు భావం. కథ మొత్తంలో గిల్ట్ అనే మాటకు మాత్రం ఎక్కడా చోటు లేదు. బ్లేమ్ వేయడానికి నోరుంటే చాలు. గిల్ట్ తేల్చడానికి విచారణ జరగాలి.

ఆ విచారణ దారిలో ఒకే మనిషికి మెట్టుమెట్టుకీ పేరు మారుతుంది. పోలీసులు ఇతడేమోనని చూస్తున్నంతవరకు అతడు సస్పెక్ట్, అనుమానితుడు. ఫిర్యాదులో పేరు చేరి కేసు నమోదైతే ఎక్యూజ్డ్, నిందితుడు. తెలుగు పత్రికల్లో కనిపించే ఏ1, ఏ2లలోని ఏ ఈ మాటకు మొదటి అక్షరమే. దర్యాప్తు ముగిసి పోలీసులు కోర్టుకు ఇచ్చే నివేదిక ఛార్జిషీటు. దాన్ని చదివి, విచారణకు తగిన ఆధారం ఉందని జడ్జి స్వయంగా నిర్ణయించి రాసేది ఛార్జి, అభియోగం. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం చాలా మామూలు పొరపాటు. పోలీసులు ఛార్జిషీటు వేసినంత మాత్రాన కోర్టు అభియోగం మోపినట్టు కాదు. విచారణ పూర్తై రుజువైతేనే అతడు కన్విక్ట్, దోషి.

నిందితుడు అనే తెలుగు మాట ఎంత నికార్సైనదో ఇక్కడ గమనించాలి. నింద మోయవలసి వచ్చినవాడు అని మాత్రమే అది చెబుతుంది, చేశాడని చెప్పదు. అటువంటి మాట చేతిలో ఉండగా, అరెస్టయిన మర్నాడే ఒక మనిషిని నేరస్థుడు, హంతకుడు అని రాయడం, చదవడం భాషకూ మనిషికీ చేసే అన్యాయం. తెలుగు కోర్టుల్లో వినిపించే ముద్దాయి కథ మరోరకం. అరబ్బీ మూలమున్న ఈ మాటకు ఉర్దూలో దావా వేసినవాడు, అంటే వాది అని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి అది ఎదుటి పక్షానికి చేరి, నేరం మోపబడ్డవాడికి పేరైంది. హైదరాబాదులో ఉర్దూ తెలిసిన పెద్దలకూ తెలుగు వకీళ్లకూ మధ్య ఈ ఒక్క మాట పూర్తిగా అటుదిటు కాగలదు.

కన్విక్ట్ అనే మాటను పలకడంలో ఒక మెలిక ఉంది. మనిషికి పేరుగా వాడితే మొదటి అక్షరాన్ని నొక్కాలి: కాన్‌విక్ట్. దోషిగా తేల్చడం అనే క్రియగా వాడితే నొక్కు రెండో భాగం మీదికి జరుగుతుంది: కన్‌విక్ట్. సస్పెక్ట్ కూడా ఇలాగే పేరుకూ క్రియకూ నొక్కు మార్చుకుంటుంది. తెలుగు పలుకులో ఈ తరహా నొక్కు అర్థాన్ని మార్చదు కనుక చెవి దీనికి ప్రత్యేకంగా అలవాటు పడాలి. మాటల వెంట వచ్చే చిన్న ముక్కలు ఇంకా చిక్కు పెడతాయి. తెలుగులో దొంగతనం కేసు పెట్టారు, దొంగతనం మోపారు, దొంగతనంలో శిక్ష పడింది అని రకరకాలుగా చెప్పుకోవచ్చు. ఇంగ్లిషులో ఎక్యూజ్డ్ తర్వాత ఆఫ్ రావాలి, ఛార్జ్‌డ్ తర్వాత విత్ రావాలి, బ్లేమ్‌డ్ తర్వాత ఫర్ రావాలి. గిల్టీ, కన్విక్టెడ్, అక్విటెడ్, సస్పెక్టెడ్ నాలుగూ ఆఫ్‌తోనే నడుస్తాయి. శిక్ష విధించడమైన సెంటెన్స్‌డ్ వెంట టు వస్తుంది. దీనికి సూత్రం వెతకడం కంటే థెఫ్ట్ అనే ఒక్క మాటను, సెంటెన్స్‌డ్ తప్ప మిగిలిన ప్రతి మాట వెనుకా తగిలించి, గొంతెత్తి పదిసార్లు అనుకుంటే నాలుకకే అలవాటవుతుంది.

అభియోగం చదివి వినిపించాక జడ్జి నిందితుణ్ని ఒక ప్రశ్న అడుగుతారు. భారతదేశపు చట్టంలో ఆ ప్రశ్నకు నిర్ణీతమైన మాటలున్నాయి: ప్లీడ్ గిల్టీ చేస్తావా, క్లెయిమ్ టు బి ట్రైడ్ అంటావా? తెలుగులో, నేరం ఒప్పుకుంటున్నావా, విచారణ కోరుతున్నావా? రెండో జవాబు ఎంత మర్యాదగా కట్టారో చూడాలి. నేను చేయలేదు అని కూడా నిందితుడు అననక్కర లేదు. రుజువు చేయండి అంటే చాలు, ఆ పని ప్రభుత్వానిది. మొదటి జవాబు విషయంలో మాత్రం ఎంతో జాగ్రత్త కావాలి. చిన్న కేసుల్లో ఒప్పుకుంటే జరిమానా కట్టి సాయంత్రానికి ఇంటికి పోవచ్చని ఎవరో చెబుతారు. మనిషి సరేనంటాడు. రాసేది జరిమానా రసీదే అయినా అది కన్విక్షన్. కొన్నేళ్ల తర్వాత ఉద్యోగం దరఖాస్తులో ఎప్పుడైనా దోషిగా తేలారా అన్న గడి ఎదురైనప్పుడు ఆ రోజు అన్న ఆ ఒక్క మాట తిరిగొస్తుంది. చట్టం అనుమతించిన నేరాల్లో ఇరుపక్షాలూ రాజీ పడితే ఫలితం ఇందుకు పూర్తిగా భిన్నం. రాజీని ఇంగ్లిషులో కాంపౌండింగ్ అంటారు, అది నిందితుణ్ని నిర్దోషిగా విడిచిపెట్టడంతో సమానం. ఒప్పుకోవడం, రాజీపడటం ఇంటి తెలుగులో పక్కపక్కన ఉండే మాటలు. కోర్టులో ఒకటి దోషిని చేస్తుంది, మరొకటి విడిపిస్తుంది.

ఒప్పుకోలు అనే మాటకూ కోర్టు ఇంగ్లిషులో రెండు రూపాలున్నాయి. ఏదైనా ఒక విషయాన్ని అవునని అంగీకరించడం అడ్మిషన్, నేరాన్నే అంగీకరించడం కన్ఫెషన్. విచారణలో నేరం ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పినట్టు వార్తల్లో రోజూ వస్తుంది. పోలీసు అధికారి ముందు చేసిన కన్ఫెషన్‌ను నిందితుడి మీద రుజువుగా వాడరాదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. ఆ స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా దాన్నే నిలిపింది. ఆ మాటల ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత మేరకే మినహాయింపు.

నింద నుంచి బయటపడే దారులకూ వేర్వేరు పేర్లున్నాయి. డిశ్చార్జ్ అన్నది ఆసుపత్రి మాటగా అందరికీ తెలుసు. క్రిమినల్ కోర్టులో దానికి అర్థం, అభియోగం మోపడానికే ఆధారం లేదని విచారణకు ముందే విడిచిపెట్టడం. క్వాష్ అంటే హైకోర్టు కేసునే కొట్టివేయడం. విచారణ అంతా జరిగాక నిర్దోషిగా వదిలిపెట్టడం అక్విటల్. అప్పు తీర్చి విముక్తుణ్ని చేయడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి ఇది వచ్చింది. డిశ్చార్జ్ అయినవారిపై కొత్త ఆధారం దొరికితే మళ్లీ కేసు నడవవచ్చు. అక్విట్ అయిన మనిషిని అదే నేరానికి మళ్లీ విచారించడానికి మామూలుగా చట్టం ఒప్పుకోదు. అంతే తేడా, కానీ ఆ మనిషికి అది బతుకంత తేడా.

అక్విట్ అయినవారిని చూసి, ఏదో లొసుగుతో బయటపడ్డాడు అనడం లోకం అలవాటు. ఈ అనుమానానికి ఇంగ్లిషు మాటల్లోనూ చోటుంది. నాట్ గిల్టీ అంటే నేరం రుజువు కాలేదని. ఇన్నొసెంట్ అంటే ఎవరికీ హాని చేయనివాడని, లాటిన్ మూలం ప్రకారం. కోర్టు మొదటిదే చెబుతుంది. స్కాట్లండ్‌లో చాలాకాలం జ్యూరీలకు నాట్ ప్రూవెన్ అనే మూడో తీర్పు కూడా ఉండేది. దాంతోనూ మనిషి విడుదలయ్యేవాడు, నీడ మాత్రం వెంట వచ్చేది. భారతదేశంలో ఆ నీడకు బెనిఫిట్ ఆఫ్ డౌట్ అని పేరు పెట్టారు. సందేహ లాభంతో విడుదలయ్యాడు అని తీర్పులో ఉంటే, పోలీసు ఉద్యోగాల వంటి చోట్ల దాన్ని గౌరవప్రదమైన విడుదల కంటే తక్కువగా చూస్తారు. తమిళనాడుకు చెందిన ఒక పోలీసు ఉద్యోగి కేసులో 2012లో సుప్రీంకోర్టు దీన్ని పరిశీలించింది. ఆనరబుల్ అక్విటల్, అక్విటెడ్ ఆఫ్ బ్లేమ్, ఫుల్లీ ఎగ్జొనరేటెడ్ వంటివి శిక్షాస్మృతిలో గానీ ప్రక్రియా స్మృతిలో గానీ లేవనీ, తీర్పుల్లోనే పుట్టాయనీ తేల్చింది. చట్టంలో లేని మాట అయినా ఉద్యోగాన్ని ఆపగలదు. అందుకే తీర్పు చివరి పేరాలో ఏ మాట వాడారో చదవడం వకీలుకే కాదు, విడుదలైన మనిషికీ అవసరమే.

ఈ మాటలు ఇంగ్లండు జనానికి కూడా ఒకప్పుడు పరాయివే. 1066లో నార్మన్లు గెలిచాక క్రమంగా అక్కడి కోర్టుల్లో వాదన ఫ్రెంచిలో, రికార్డు లాటిన్‌లో నడిచే స్థితి వచ్చింది. తన మీద ఏం మోపారో నిందితుడికి అర్థమయ్యేది కాదు. 1362లో మూడో ఎడ్వర్డు కాలంలో వాదనలు ఇంగ్లిషులో జరగాలని చట్టం చేశారు, ఆ చట్టాన్నీ ఫ్రెంచిలోనే రాశారు. రికార్డుల భాష పూర్తిగా ఇంగ్లిషు కావడానికి 1733 దాకా పట్టింది. ఆ రోజుల గుమాస్తాల చేతిలోనే కల్‌ప్రిట్ అనే మాట పుట్టిందని నిఘంటుకారులు చెబుతారు. నిందితుడు కాదన్నప్పుడు గుమాస్తా, నువ్వు దోషివే, రుజువుకు మేం సిద్ధం అన్న అర్థంలో రెండు ఫ్రెంచి మాటలు అనేవాడు. వాటిని పొడి అక్షరాల్లో కల్, ప్రిట్ అని రాసుకునేవారు. తర్వాతివారు ఆ రెంటినీ కలిపి మనిషికే పేరుగా చదివారు. తెలుగునేల మీద ఈ దూరం ఇంకా పూర్తిగా తగ్గలేదు. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లిషు. 2023 జూన్‌లో ఒక ఆస్తి తగాదాలో తెలంగాణ హైకోర్టు తెలుగులో తీర్పు ఇవ్వడం పెద్ద వార్త అయిందంటే అది ఎంత అరుదో తెలుస్తుంది. నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే, అతడికి అర్థమయ్యే భాషలో దాన్ని కోర్టులోనే వినిపించాలని ప్రక్రియా చట్టం చెబుతోంది. కోరితే తీర్పుకు అనువాదం ఇవ్వాలనీ అందులో ఉంది. ఈ హక్కును అడిగి తీసుకునేవారు పెరగాలి.

చేతి పని ఒకటే అయినా మనసు స్థితిని బట్టి నేరం పేరు మారడం కోర్టు ఇంగ్లిషులో అన్నిటికంటే లోతైన భాగం. ఇంటెన్షన్ అంటే ఉద్దేశం. నాలెడ్జ్ అంటే ఫలితం ఇలా ఉంటుందని తెలిసి చేయడం. రాష్ అంటే ప్రమాదం తెలిసీ దుడుకుగా తెగించడం. నెగ్లిజెన్స్ అంటే పట్టవలసిన జాగ్రత్త పట్టకపోవడం. వాలంటరీ అనే మాట దగ్గర తెలుగువారు మోసపోతారు. ఇష్టపూర్వకంగా అని దానికి మామూలు అర్థం. 1860 నాటి శిక్షాస్మృతి మాత్రం ఒక ఉదాహరణతో దాన్ని విశాలం చేసింది. దోపిడీ కోసం జనమున్న ఇంటికి రాత్రిపూట నిప్పు పెట్టినవాడు, లోపలి మనిషి చావుకు తర్వాత ఎంత ఏడ్చినా, ఆ చావును వాలంటరీగా కలిగించినట్టే. చావు జరగవచ్చని తెలుసు కదా అన్నదే చట్టం వాదన.

ఉద్దేశంతో గానీ, ఫలితం తెలిసి గానీ మనిషి ప్రాణం తీయడాన్ని చట్టం కల్పబుల్ హోమిసైడ్ అంటుంది. తప్పు అని అర్థమిచ్చే కుల్పా అనే లాటిన్ మాట అందులో ఉంది. అందులో అత్యంత తీవ్రమైన రకం మర్డర్. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడన్నది విడమరచిన తీర్పు ఆంధ్రప్రదేశ్ కేసులోనే వచ్చింది. గుంటూరు జిల్లాలో గ్రామ కక్షల్లో ఒక వ్యక్తిని కాళ్ల మీదా చేతుల మీదా బరువైన కర్రలతో కొట్టారు, అతడు చనిపోయాడు. ఆయువుపట్టు మీద కొట్టలేదు కనుక ఇది మర్డర్ కాదని హైకోర్టు భావించింది. 1976లో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చింది. కలిగించాలనుకున్న గాయాలు మామూలుగా ప్రాణం తీయడానికి చాలినవైతే చంపాలన్న ఉద్దేశం విడిగా లేకపోయినా అది మర్డరే అని చెప్పింది. ప్రతి మర్డరూ కల్పబుల్ హోమిసైడే గానీ, ప్రతి కల్పబుల్ హోమిసైడూ మర్డర్ కాదని జస్టిస్ సర్కారియా అందులో చేసిన వివరణను న్యాయ విద్యార్థులు నేటికీ చదువుతారు.

ఒక్క మాట మారితే ఎంత మారుతుందో భోపాల్ చెబుతుంది. 1984 డిసెంబరు విషవాయువు కేసులో కంపెనీకి చెందిన భారతీయ అధికారులపై మొదట మోపింది కల్పబుల్ హోమిసైడ్‌లో పదేళ్ల దాకా శిక్ష పడే భాగం. 1996లో సుప్రీంకోర్టు దాన్ని నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడంగా తగ్గించింది. దానికి అప్పటి గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2010 జూన్‌లో కింది కోర్టు ఏడుగురికి రెండేళ్ల చొప్పున వేసింది, అంతకు మించి వేసే వీలే లేదు. నాలెడ్జ్ పోయి నెగ్లిజెన్స్ వచ్చిందన్నది ఇంగ్లిషులో చిన్న సవరణ, ఆ ఊళ్లో ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవారికి మానని గాయం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఈ నిర్లక్ష్యానికి శిక్ష ఐదేళ్ల దాకా పెరిగింది. చికిత్స చేస్తుండగా అలా జరిగితే రిజిస్టరైన వైద్యులకు రెండేళ్ల దాకా ఉంచారు.

గిల్టీ కాకుండానే బాధ్యత మోయవలసిన సందర్భాలకు వాడేది లయబుల్. కట్టివేయడం అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది, పూచీపడటం అన్నది దానికి దగ్గరి తెలుగు. డ్రైవరు చేసిన ప్రమాదానికి లారీ యజమాని పరిహారం ఇస్తే అది వైకేరియస్ లయబిలిటీ. మోటారు వాహనాల చట్టంలో తప్పెవరిదని తేల్చకుండానే మరణానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటుంది, దాన్ని నో ఫాల్ట్ అంటారు. ప్రమాదకరమైన పదార్థాలతో వ్యాపారం చేసేవారికి ఇంకా గట్టి మాటలున్నాయి. 1868లో ఇంగ్లండులో స్థిరపడిన స్ట్రిక్ట్ లయబిలిటీలో దైవికం, మూడో మనిషి చేష్ట వంటి మినహాయింపులున్నాయి. ఢిల్లీ ఓలియం వాయువు కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు తెచ్చిన యాబ్సల్యూట్ లయబిలిటీలో ఏ మినహాయింపూ లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి ప్రాణాలు తీసింది. మర్నాడు జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయమని ఆ కంపెనీని ఆదేశిస్తూ స్ట్రిక్ట్ అనే మాటే వాడింది. భారతదేశంలో వాడవలసింది యాబ్సల్యూట్ కదా అని న్యాయ నిపుణులు అప్పుడే ఎత్తిచూపారు.

ఈ మాటలన్నీ పనికిరాని చోటు ఒకటి చట్టంలోనే ఉంది. ఏడేళ్ల లోపు పిల్లలు ఏం చేసినా అది నేరమే కాదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు 2015 నాటి బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. వారి విషయంలో నిందించే మాటలు, మచ్చ వేసే మాటలు వాడరాదని ఆ చట్టం మూడో సెక్షనులోనే ఒక సూత్రంగా రాశారు. బాలుణ్ని ఎక్యూజ్డ్ అని కాకుండా, చట్టంతో ఘర్షణలో ఉన్న బాలుడు అని రాస్తారు. అరెస్టు అనకుండా అదుపులోకి తీసుకోవడం అంటారు. బాలల న్యాయ బోర్డు ముందు జరిగేది ట్రయల్ కాదు, ఎంక్వైరీ. పదహారు దాటి ఘోరమైన నేరం చేశాడన్నప్పుడు మాత్రం, బోర్డు ప్రాథమికంగా పరిశీలించి పెద్దలతో సమానంగా విచారణకు పంపవచ్చు. మిగిలిన పిల్లల కాగితాల్లో గిల్టీ, కన్విక్ట్ అనే మాటలు కనిపించకూడదు.